జంట గొట్టాల తుపాకీకి వెంటిలేటెడ్ రిబ్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి బరువవుతుంది?

క్లుప్తంగా: తుపాకీ గొట్టాల పైన పొడవునా ఉండే ఇనుప పట్టీని రిబ్ అంటారు. ఆ పట్టీ కింద అక్కడక్కడా గాలి ఆడేలా ఖాళీలు వదిలితే అది వెంటిలేటెడ్ రిబ్. వరుసగా పదుల కొద్దీ తూటాలు కాల్చే పోటీ మైదానం కోసం పుట్టిన ఏర్పాటు ఇది. పక్కపక్కన గొట్టాలుండే మామూలు డబుల్ బ్యారెల్‌కి దీనివల్ల ఒరిగేది తక్కువ. ఉప్పుగాలి తగిలే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తుప్పు, సొట్టల బెడద మాత్రం ఎక్కువ. ఒకదానిమీద ఒకటి గొట్టాలుండే రకంతో క్లే టార్గెట్లు, అంటే గాలిలోకి విసిరే మట్టి పళ్లేలు, కొట్టేవారికి ఇది నిజంగా ఉపయోగం. పాత తుపాకీకి కొత్తగా అతికించుకోవడం మాత్రం నష్టపు బేరం.

ఈ ప్రశ్న ఇక్కడ ఎందుకొస్తోంది

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో లైసెన్సు తుపాకీ అనగానే కళ్లముందు మెదిలేది 12 బోర్ డబుల్ బ్యారెల్. లైసెన్సు పుస్తకంలో దాని పేరు డీబీబీఎల్, అంటే డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్. ఇళ్లలోకి అది రెండు దారుల్లో వచ్చింది. మొదటిది వారసత్వం. బొబ్బిలి, టెక్కలి, కురుపాం లాంటి జమీందారీలున్న రోజుల్లో ఇంగ్లండ్, బెల్జియం తుపాకులు పెద్ద ఇళ్లలో ఉండేవి. తాత లైసెన్సు కొడుకు పేరుకి, ఆ తర్వాత మనవడి పేరుకి ఎక్కుతూ అలాంటివి కొన్ని ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి. రెండో దారి ఉద్యోగం. సైన్యంలో చేసి వచ్చినవాళ్లు ఈ జిల్లాల్లో చాలామంది. బ్యాంకు గేటు దగ్గరో, నగదు వ్యానులోనో గార్డుగా చేరాలంటే సొంత తుపాకీ, సొంత లైసెన్సు ఉన్నవారికి పిలుపు ముందొస్తుంది.

ఇప్పుడు ఈ రెండు వర్గాలవారినీ ఒకే సందేహం పట్టుకుంది. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకి తగ్గించింది. మూడున్నవాళ్లు ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. ఒకటే ఉన్నవాళ్లు రెండోది ఏం కొనాలో ఆచితూచి ఎంచుకోవాలి. మరోపక్క ఫోన్‌లో చూసే విదేశీ షూటింగ్ వీడియోల్లో దాదాపు ప్రతి తుపాకీకీ పైన కిటికీల వరసలా ఈ రిబ్ కనిపిస్తుంది. ఇంట్లోని పాత తుపాకీకి అది లేదు. లేదు కాబట్టి అది తక్కువ రకమేమో అన్న అనుమానం సహజంగానే వస్తుంది. "రిబ్ ఉన్నదే తీసుకోండి బాబూ, గొట్టం వేడెక్కదు" అన్న మాట దుకాణాల దగ్గర తేలిగ్గా వినిపిస్తుంది కూడా. ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే, ముందు రిబ్ ఏం చేస్తుందో చూడాలి.

అతుకుల వస్తువు

బొబ్బిలి వీణను ఒకే పనస మొద్దులో తొలుస్తారు. జంట గొట్టాల తుపాకీ అందుకు పూర్తిగా వ్యతిరేకం, అది ముక్కలు అతికిన వస్తువు. రెండు విడి గొట్టాలను పక్కపక్కన పెడితే పైనా కిందా రెండు లోయలు ఏర్పడతాయి. పై లోయలో ఒక పట్టీ, కింది లోయలో ఒక పట్టీ పెట్టి, తగరం, సీసం కలిపిన మెత్తటి టంకంతో అతుకుతారు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడేది కూడా ఆ తగరమే. ఈ టంకం 200 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. ఈ వ్యాసంలో ముందుముందు వచ్చే చిక్కులు చాలావరకు ఈ ఒక్క సంగతిలోంచే పుడతాయి.

పై పట్టీ అనేక రూపాల్లో ఉంటుంది. పాత ఇంగ్లిష్ తుపాకుల్లో ఎక్కువగా కనిపించేది లోపలికి వంగిన పల్లపు పట్టీ. రెండు గొట్టాల మధ్య చిన్న కాలువలా ఒదిగిపోతుంది, బరువు తక్కువ. కొన్నిటికి చదునైన పట్టీ ఉంటుంది. ఎండ మెరుపు కంట్లో పడకుండా దాని మీద సన్నటి గాట్లు పెడతారు. లండన్ తయారీదారు రాబర్ట్ చర్చిల్ 25 అంగుళాల పొట్టి గొట్టాలకి, మూతివైపు సన్నబడుతూ పోయే ఎత్తయిన పట్టీని పెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఇవన్నీ ఖాళీలు లేని గట్టి పట్టీలే.

వెంటిలేటెడ్ రిబ్ వీటికి భిన్నంగా చిన్న చిన్న స్తంభాల మీద నిలబడుతుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య కిటికీ లాంటి ఖాళీ. పక్కపక్క గొట్టాల రకంలో అయితే, చాలా నమూనాల్లో కింద ఒక పట్టీతో లోయను మూసి, దాని మీద ఈ స్తంభాలు లేపుతారు. అంటే అతుకులు పెరుగుతాయి. అమెరికాలో పార్కర్ సంస్థ 1920లలో తన డబుల్ బ్యారెల్ తుపాకులకు దీన్ని ఇవ్వడం మొదలుపెట్టింది. వించెస్టర్ మోడల్ 21కి అదనపు ధర మీద వచ్చేది. ఆ తర్వాత జపాన్‌లో తయారైన వించెస్టర్ మోడల్ 23లో కూడా ఉంది. అంటే పక్కపక్క గొట్టాలకు ఈ రిబ్ కొత్తేమీ కాదు. వందేళ్లుగా దొరుకుతున్నా ఆ రకంలో అది సాధారణం కాలేదంటే కారణం ఉండాలి.

వేడి లెక్క

రిబ్ గురించి మొదట చెప్పే మాట, గొట్టాన్ని చల్లబరుస్తుందని. దీన్ని ఒక మోటు లెక్కతో తూచవచ్చు.

12 బోర్ తూటాలో మామూలుగా 28 గ్రాముల సీసం గుళ్లుంటాయి. అవి సెకనుకు 400 మీటర్ల వేగంతో బయటికొచ్చాయనుకుంటే, అవి మోసుకెళ్లే శక్తి సుమారు 2,200 జౌళ్లు. మందు మండితే పుట్టే మొత్తం శక్తి దానికి రెండు మూడు రెట్లు. మిగిలిన దాంట్లో కొంత వేడి వాయువుతోపాటు మూతి నుంచి పోతుంది, కొంత గొట్టం ఉక్కులోకి చేరుతుంది. ఉక్కుకి చేరేది 2,000 జౌళ్లని, గొట్టాల జత బరువు 1.4 కిలోలని పెట్టుకుంటే, ఒక్కో తూటాకి ఉక్కు వేడి సగటున 3 డిగ్రీలు పెరుగుతుంది. రెండు గొట్టాలూ కాలిస్తే 6 డిగ్రీలు. ఆ తర్వాత తుపాకీని మధ్యలో మడిచి తెరిచి, ఖాళీ తూటాలు తీసి, మళ్లీ నింపాలి. ఈలోపు కొంత చల్లారుతుంది కూడా.

మే నెలలో రణస్థలం దగ్గర పొలం గట్టు మీద ఎండలో అరగంట ఉంచిన నల్లటి గొట్టం, ఒక్క తూటా కాల్చకుండానే అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఆ ఎండ వేడికి రిబ్ విరుగుడు కాదు, ఎందుకంటే పైనుంచి పడే ఎండ ముందు తగిలేది రిబ్‌కే.

పోటీ మైదానంలో లెక్క వేరు. గాలిలోకి విసిరే పళ్లేలను కొట్టే ట్రాప్ పోటీలో ఒక రౌండుకి 25 పళ్లేలు. ఒక్కో పళ్లేనికి రెండు తూటాల దాకా కాల్చవచ్చు. అంటే అరగంట లోపు 25 నుంచి 50 తూటాలు. గాలికి చల్లారేది లెక్కలోంచి తీసేసి చూస్తే, పై లెక్క ప్రకారమే వేడి 75 నుంచి 150 డిగ్రీలు పెరగాలి. చల్లారేది కలుపుకున్నా గొట్టం చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. అప్పుడు ఎండమావి మొదలవుతుంది.

ఎండమావి ఎలా పుడుతుందో జాతీయ రహదారి 16 మీద నరసన్నపేట వైపు మధ్యాహ్నం వెళ్లినవారికి చెప్పక్కర్లేదు. దూరాన తారు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది, ఎదురొచ్చే లారీ చక్రాలు ఆ నీళ్లలో వణుకుతాయి. వేడెక్కిన గాలి పలచబడి, దానిలోంచి వచ్చే వెలుతురు వంగడం వల్ల ఇలా జరుగుతుంది. కాలిన గొట్టం మీద కూడా ఇదే. చెంప తుపాకీ మడమకి, అంటే భుజానికి ఆనే వెనక చెక్కకి, ఆనించి గొట్టం వెంట చూస్తే, చివరనున్న గురి పూస దగ్గర గాలి నీళ్లలా కదులుతుంది. దాని వెనక 11 సెంటీమీటర్ల పళ్లెం అంచులు చెదిరి కనిపిస్తాయి. రిబ్ గొట్టానికి తగలకుండా పైకి లేచి ఉండి, కింద గాలి ఆడితే ఆ పట్టీ అంత వేడెక్కదు. చూపు పోయే దారిలో గాలి కాస్త నిలకడగా ఉంటుంది. ఇందులో అబద్ధం లేదు.

అయితే వేడి గాలి చూపును ఎంత తప్పించగలదు? అది ఒక నిమిషం కోణం మేర, అంటే డిగ్రీలో 60వ వంతు, అటూ ఇటూ చేసిందనుకున్నా 36 మీటర్ల దూరంలో తేడా ఒక సెంటీమీటరు. అంత దూరంలో 12 బోర్ గుళ్లు పరుచుకునే వలయాన్ని కొలిచే వాడుక కొలతే 76 సెంటీమీటర్లు. ఫుల్ చోక్, అంటే మూతి దగ్గర బాగా ఇరుకు చేసిన గొట్టమైతే గుళ్లలో 70 శాతం ఆ వలయంలో పడాలని తయారీదారుల ప్రమాణం. 76 సెంటీమీటర్ల వలయంలో ఒక సెంటీమీటరు తేడా పట్టించుకోదగ్గది కాదు. ఎండమావితో అసలు ఇబ్బంది కంటికి. రోజంతా వణికే గాలిలోంచి చూస్తే కన్ను అలసిపోతుంది. పోటీ షూటర్‌కి అది పెద్ద విషయమే. ఏడాదికి ఒకటో రెండో తూటాలు పరీక్షకి కాల్చే గార్డుకి ఆ సమస్యే లేదు.

ఒక పేరు మీద ఇంకొకరి పని

వెంటిలేటెడ్ రిబ్ ఉంటే గురి బాగా కుదురుతుందని చాలామంది అంటారు. అనుభవంతోనే అంటారు, అందులోనూ తప్పులేదు. కాకపోతే ఆ మేలు చేస్తున్నది ఖాళీలు కావు, పట్టీ ఎత్తు, చదును.

పక్కపక్క గొట్టాల తుపాకీ వెంట చూస్తే కంటి ముందు రెండు గొట్టాల వెడల్పు పరుచుకుని ఉంటుంది. చిన్నప్పటి నుంచి దానితోనే కాల్చినవారికి అది అడ్డం కాదు. వాళ్లు రెండు కళ్లూ తెరిచి పళ్లేన్నే చూస్తారు, గొట్టాన్ని చూడరు. వేలు చూపించినట్టు తుపాకీని చూపిస్తారు. రైఫిల్‌తో గురి పెట్టడం అలవాటైన మాజీ సైనికుడికి మాత్రం ఆ వెడల్పు తికమకే. అతని కన్ను ఒక సన్నటి గీత కోసం వెతుకుతుంది. మధ్యలో ఎత్తుగా, చదునుగా ఒక పట్టీ ఉంటే ఆ గీత దొరుకుతుంది.

ఆ పట్టీ గట్టిదైనా గీత అంతే తిన్నగా ఉంటుంది. చర్చిల్ పట్టీకి ఒక్క కిటికీ లేదు. ఖాళీలు చేసేదల్లా ఎత్తు పట్టీ బరువు తగ్గించడం. ఎత్తయిన గట్టి పట్టీ కంటే ఎత్తయిన వెంటిలేటెడ్ రిబ్ తేలికే. కానీ పాత పల్లపు పట్టీతో పోలిస్తే అదే బరువు. ఆ బరువంతా గొట్టం పొడవునా, మూతి వైపు పడుతుంది. పరుగెత్తే పళ్లెం వెంట నిలకడగా తిప్పే ట్రాప్ తుపాకీకి ముందు బరువు మంచిదే. గబుక్కున భుజానికెత్తాల్సిన తుపాకీకి మంచిది కాదు. డబుల్ బ్యారెల్‌ని రక్షణ కోసం ఉంచుకున్నవారికి కావలసింది ఈ రెండోదే.

దుకాణంలో రెండు తుపాకులు పక్కపక్కన పెట్టి ఎంచుకునేవారు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి. "రిబ్ ఉందా" అన్నదానికంటే "పట్టీ ఎత్తెంత, చదునా పల్లమా, నా కంటికి పూస సూటిగా కనిపిస్తోందా" అన్నవి పనికొచ్చే ప్రశ్నలు. ఖాళీల మాట ఆ తర్వాత.

మీద ఒకటి, కింద ఒకటి

గొట్టాలు ఒకదానిమీద ఒకటి ఉండే తుపాకీ కథ వేరు. లండన్‌లో బాస్ సంస్థ 1909లో చేసింది ఈ రకంలో పేరుపడ్డ తొలి వాటిలో ఒకటి. అమెరికన్ రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1926లో కన్నుమూసే ముందు పనిచేసిన సూపర్‌పోజ్డ్ 1931లో మార్కెట్లోకి వచ్చి దాన్ని పదిమందికీ అందించింది. ఇవాళ ఒలింపిక్ ట్రాప్, స్కీట్ పోటీల్లో రాజ్యమేలేది ఈ రకమే. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతం గెలిచిన డబుల్ ట్రాప్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదీ కైనన్ చెనాయ్ వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచిన ట్రాప్, అన్నీ ఈ తరహా తుపాకుల మైదానాలే.

ఇందులో పై గొట్టం ఒక్కటే కంటికి కనిపిస్తుంది. దాని గుండ్రటి వీపు మీద చూపు నిలవదు, కాబట్టి ఏదో ఒక పట్టీ కావాలి. పక్కపక్క గొట్టాల్లోలాగా దాన్ని ఒదిగించడానికి లోయ లేదు. గట్టి పట్టీ పెడితే బరువు. అందుకని స్తంభాల మీద తేలికపాటి పట్టీ నిలబెట్టడమే తేలికైన పరిష్కారం. అంటే ఈ రకంలో వెంటిలేటెడ్ రిబ్ తుపాకీ ఆకారం కోరి తెచ్చుకున్నది.

దీనికి ఇంకో కారణం వ్యాకోచం. 75 సెంటీమీటర్ల ఉక్కు గొట్టం 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. గొట్టం సాగి, పైన చల్లగా ఉన్న పట్టీ సాగకపోతే, రెండూ పొడవునా గట్టిగా అతికి ఉన్నాయి కాబట్టి గొట్టం వెంట్రుకవాసి వంగుతుంది. పాత రైలు పట్టాల అతుకుల దగ్గర ఖాళీ వదిలింది ఇందుకే. కొన్ని పోటీ తుపాకుల్లో రిబ్‌ని స్తంభాల మీద జారేలా అమరుస్తారు, వేడికి గొట్టం తన మానాన సాగుతుంది. వేల తూటాలు కాల్చేవారికి ఇది అవసరం. పక్కపక్క గొట్టాల్లో రెండిటినీ మార్చిమార్చి కాలుస్తారు, వేడి రెండిటికీ పంచుకుంటుంది, అదీ కొద్ది తూటాలకే. అర మిల్లీమీటరు దాకా వెళ్లే సందర్భమే రాదు.

ఉప్పుగాలి, బీరువా, పోలీస్ స్టేషన్

ఇంతవరకూ లాభం సంగతి. నష్టం వైపు చూస్తే ఈ ప్రాంతం వాతావరణం తనే ఒక కారణమవుతుంది.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రం పక్కనే. ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో ఇంటి కిటికీ ఊచలకి ఏడాది తిరక్కుండా తుప్పు పట్టడం అందరికీ అలవాటైన దృశ్యం. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాన్లు వచ్చినప్పుడు గాలివాన గదుల్లోకే వచ్చేసింది. రోజుల తరబడి కరెంటు లేక ఇళ్లు చెమ్మగానే ఉండిపోయాయి. ఇలాంటి చోట ఇనుప వస్తువుకి మూలలు ఎన్ని ఎక్కువుంటే తుప్పుకి చోట్లు అన్ని ఎక్కువ.

పల్లపు పట్టీ ఉన్న గొట్టాల్ని ఒక గుడ్డతో రెండు చేతుల దూరం తుడిస్తే అయిపోతుంది. వెంటిలేటెడ్ రిబ్ కింద గుడ్డ దూరదు. ప్రతి కిటికీలోంచీ సన్నటి పేలికని దారంలా లాగాలి, స్తంభం మొదట్లో చిన్న బ్రష్ తిప్పాలి. మామూలుగా ఎవరూ చెయ్యరు. చెయ్యకపోతే స్తంభం మొదట్లోనే మొదటి ఎర్ర మచ్చ పడుతుంది, అది కంటికి కనిపించే వైపు ఉండదు. చెమ్మ పీల్చే గుడ్డ సంచిలోనో తోలు కవరులోనో తుపాకీని వానాకాలమంతా ఉంచితే మచ్చ గుంటగా మారుతుంది. కొబ్బరినూనె రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది చలికాలం గడ్డకట్టి, ఆ సందుల్లో దుమ్ముని పట్టి ఉంచుతుంది. తుపాకీ కోసం అమ్మే పలుచటి ఖనిజ నూనే వాడాలి.

న్యాయంగా చెప్పాలంటే గట్టి పట్టీకీ ఒక లోపం ఉంది. దాని కింద, రెండు గొట్టాల మధ్య మూసుకున్న బోలు ఉంటుంది. ఎక్కడో టంకం వదిలి నీళ్లు అందులో చేరితే, లోపల తుప్పు తింటున్నా పైకి తెలియదు. వెంటిలేటెడ్ రిబ్‌లో కనీసం వేలితో తడిమి, టార్చి వేసి చూడొచ్చు. అయితే పక్కపక్క గొట్టాల్లో దాని కింద కూడా లోయను మూసే పట్టీ ఉంటుంది కాబట్టి, ఆ బోలు ఎటూ తప్పదు. పైన కిటికీలు అదనం.

ఇంకోటి సొట్ట. స్తంభాల మధ్య పట్టీ కింద ఆసరా లేదు, మందం కూడా తక్కువ. గార్డు డ్యూటీలో తుపాకీ గోడకి ఆనుతుంది, గేటుకి తగులుతుంది, వ్యాను తలుపులో పడుతుంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తుంది. 2024లో రాష్ట్రంలో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, పోలింగ్ మే 13న జరిగింది, కౌంటింగ్ జూన్ 4న. అప్పగించిన తుపాకీ రెండున్నర నెలలు వేరే తుపాకుల పక్కన, వేరే చేతుల మధ్య ఉన్నట్టు లెక్క. తీసేటప్పుడో పెట్టేటప్పుడో పక్క తుపాకీ గొట్టం రిబ్ మీద పడిందంటే చాలు, కిటికీ పైన పట్టీ లోపలికి నొక్కుకుపోతుంది. గట్టి పట్టీకి గీత పడి ఊరుకుంటుంది. రిబ్ సొట్టని సరిచెయ్యడానికి కింద ఆనించి పైనుంచి తట్టే నైపుణ్యం ఉన్న గన్‌స్మిత్ కావాలి, అలాంటివారు జిల్లా కేంద్రాల్లో కూడా అరుదు.

తుపాకీ తెచ్చిన వారం లోపే, ఎన్నికలయ్యాక స్టేషన్ నుంచి తీసుకొచ్చిన రోజే, పట్టీ వెంట వెలుతురుకి అడ్డంగా కన్ను పెట్టి ఓసారి చూసుకోవడం మంచిది. గీత తిన్నగా లేని చోట వెలుతురు విరిగి కనిపిస్తుంది.

పాత తుపాకీకి కొత్త పట్టీ

ఇంట్లో ఉన్న పాత తుపాకీకి రిబ్ పెట్టించుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన కొందరికి వస్తోంది. అమెరికాలో ఒకప్పుడు ఈ పని బాగానే సాగింది, ఎక్కువగా ఒంటి గొట్టం తుపాకులకి. జంట గొట్టాల పాత తుపాకీకి ఈ పని చేయించకూడదు. దానికి బలమైన కారణాలున్నాయి.

మొదటిది గురి. తుపాకీకి వెనక గురి గుర్తు ఉండదు, కన్నే ఆ పని చేస్తుంది. చెంప మడమ మీద ఎక్కడ ఆనుతుందో అక్కడే కన్ను ఉంటుంది. పాత తుపాకీ మడమను దాని పల్లపు పట్టీకి సరిపోయేలా కిందికి వంచి చెక్కారు. ఇప్పుడు పట్టీని, దానితో పూసని, 5 మిల్లీమీటర్లు ఎత్తితే కన్ను ఉన్న చోటే ఉంటుంది, పూస పైకెళ్తుంది. పూసని గురి మీదికి తేవాలంటే మూతి దించాలి. కన్నుకీ పూసకీ మధ్య దూరం సుమారు మీటరు. మీటరుకి 5 మిల్లీమీటర్లంటే 36 మీటర్ల దగ్గర 18 సెంటీమీటర్లు. గుళ్లన్నీ జానెడు కిందికి పడతాయన్నమాట. ఎండమావి తెచ్చే ఒక సెంటీమీటరు తేడాని తప్పించుకోబోయి 18 సెంటీమీటర్ల తేడాని కొనుక్కున్నట్టు. దాన్ని సరిచెయ్యడానికి చెంప మడమ మీంచి లేపితే దెబ్బ చెంప ఎముకకి తగులుతుంది, గురి ఏ రెండుసార్లూ ఒకలా ఉండదు.

రెండోది టంకం. కొత్త స్తంభాలు అతకాలంటే గొట్టాలను వేడి చెయ్యాలి. ఆ వేడికి పక్కనున్న పాత అతుకులు వదులవుతాయి. పైగా పని అయ్యాక గొట్టాలకి మళ్లీ నల్లరంగు ఎక్కించాలి. త్వరగా అయిపోతుందని మరిగే క్షారపు తొట్టెలో ముంచితే, ఆ ద్రవం తగరం, సీసం టంకాన్ని తినేస్తుంది. అతుకు లోపలికి ఇంకిన క్షారం ఎంత కడిగినా పోదు, నెలల తర్వాత తుప్పుగా బయటపడుతుంది. టంకం వేసిన జంట గొట్టాలకి నిదానంగా తుప్పు పట్టించి గీకే పాత పద్ధతిలోనే రంగు వెయ్యాలి. ఆ ఓపిక ఉన్న పనివారు తక్కువ. రిబ్ పెట్టించుకోకపోయినా, కేవలం రంగు పోయిందని ఇచ్చేవారు కూడా ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

మూడోది చట్టం. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ తప్ప మరొకరు తుపాకీని మరమ్మతు చేయడం 1959 చట్టం ప్రకారం నేరం. ఊళ్లో ఇనుప పని బాగా చేసే మనిషి చేతికి ఇవ్వడం ఇద్దరికీ ప్రమాదమే.

విలువ సంగతీ ఉంది. విదేశీ తుపాకుల్ని మామూలు వ్యక్తులు దిగుమతి చేసుకునే వీలు 1980ల మధ్య నుంచి మూసుకుపోయింది, గుర్తింపు పొందిన షూటర్లకే మినహాయింపు. అందుకే పాత ఇంగ్లిష్ తుపాకీ దొరకడం కష్టం, తయారైనప్పటి రూపంలో ఉంటేనే దానికి ధర. దానికి రంధ్రాల పట్టీ అతికిస్తే కొనేవారు వెనకాడతారు.

అసలు పాత తుపాకీ యజమాని పట్టీ కంటే ముందు చూసుకోవాల్సింది తూటా గది పొడవు. పాత ఇంగ్లిష్ తుపాకులు చాలావాటికి అది రెండున్నర అంగుళాలే. ఇప్పటి తూటాలు ఎక్కువగా రెండు ముప్పావు. కాలని తూటా అందులో పట్టినంత మాత్రాన సరిపోయిందనుకోకూడదు. కాలాక దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. గొట్టాల మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తే అవి డమాస్కస్ గొట్టాలు, నల్లమందు రోజులవి. ఇప్పటి పొగలేని మందు తూటాలు వాటిలో కాల్చకూడదు. ఈ రెండూ ప్రాణం మీదికొచ్చే విషయాలు. పట్టీ చర్చ వీటి తర్వాతే.

ఎవరికి ఏది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది, 1991 సవరణతో లైసెన్సు వేట కూడా ముగిసింది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీదికొచ్చే గూడబాతులను ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు. పంట పాడుచేసే అడవి పంది మీద కూడా అధికారుల అనుమతి లేకుండా తుపాకీ ఎత్తకూడదు. కాబట్టి ఇక్కడ డబుల్ బ్యారెల్‌కి మిగిలినవి రక్షణ, గార్డు ఉద్యోగం, క్రీడ.

రక్షణకి, గార్డు ఉద్యోగానికి పక్కపక్క గొట్టాలది, గట్టి పట్టీ ఉన్నది తీసుకుంటే చాలు. కొనబోయే తుపాకీకి ఫ్యాక్టరీలోనే వెంటిలేటెడ్ రిబ్ పెట్టి ఉంటే, మిగతావన్నీ బాగుంటే, దానికోసం వద్దనుకోనక్కర్లేదు. దానికోసం ఎక్కువ డబ్బు మాత్రం పెట్టకూడదు. ఉన్నవాటిలో ఒకటి వదులుకోవాలనుకునేవారు రిబ్ చూసి నిర్ణయించుకుంటే పొరపాటు, గొట్టాల లోపలి నునుపు, తూటా గది, అతుకుల బిగువు చూసి నిర్ణయించుకోవాలి. క్లే టార్గెట్ క్రీడ నేర్చుకోవాలనుకునే పిల్లలకి తాతగారి డబుల్ బ్యారెల్ ఇచ్చి రిబ్ పెట్టించడం కంటే, రేంజ్‌లో రిబ్ ఉన్న మీద-కింద గొట్టాల తుపాకీతో మొదలుపెట్టించడం మేలు.

అతుకుల బిగువు చూడటానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, గొట్టాలను మడమ నుంచి విడదియ్యాలి. కింది కొక్కేన్ని ఒక వేలికి తగిలించి గొట్టాల్ని గాలిలో వేలాడనిచ్చి, చిన్న కర్రముక్కతో మెల్లగా తట్టాలి. సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి వినేది ఇలాగే. పట్టీలు రెండూ బిగువుగా ఉంటే గంట కొట్టినట్టు నిండుగా మోగి, ఆ మోత కాసేపు సాగుతుంది. ఎక్కడైనా టంకం వదిలితే బొంగురుగా, చిటపటమంటూ ఆగిపోతుంది. వెంటిలేటెడ్ రిబ్ ఉన్నదాన్ని ఇంకా జాగ్రత్తగా వినాలి, ఒక్క స్తంభం వదిలినా సన్నటి గరగర వస్తుంది. అలా వస్తే ఒక్క తూటా కూడా కాల్చకుండా, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్‌కి చూపించాకే బేరం మాట్లాడాలి.